షినాస్ గోడ మీది అమ్మాయి

జగిత్యాల టాకీసు వెనక రేకుల షెడ్డులో నేను బొమ్మలు వేయడం నేర్చుకున్నాను. సినిమా మారినప్పుడల్లా కొత్త హీరో ముఖం వేయాలి. మా మేస్త్రి బొమ్మంతా పూర్తయ్యేదాకా కళ్లు పెట్టనిచ్చేవాడు కాదు. "కండ్లు ముందుగాల పెట్టినవనుకో, అది నిన్నే సూస్కుంట కూసుంటది. ఇగ చెయ్యి సాగది" అనేవాడు. ఎనభైల చివర్లో ఆ పని పట్టుకునే ఒమన్ వెళ్లాను. మస్కట్‌లో ఒక చిన్న సైన్‌బోర్డుల కంపెనీలో చేరాను. రూమ్ ఘుబ్రాలో. అరబీ చదవడం రాకపోయినా, ఎవరైనా రాసిచ్చింది చూసి బోర్డు మీదికి ఎక్కించేవాణ్ణి. అక్షరాన్ని కూడా బొమ్మే అనుకుంటే పెద్ద కష్టం కాదు.

కంపెనీ వ్యాన్ నడిపేది కడప ఆయన. నాకంటే బాగా పెద్దవాడు. ఇంటివాళ్లకు ఫోన్ చేస్తే దక్కనీ ఉర్దూ, నాతో కడప తెలుగు, అరబ్బులతో వాళ్ల అరబీ ధారాళంగా మాట్లాడేవాడు. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను అప్పా అనేవాడు. సైట్ ఎంత దూరమైనా మేమిద్దరమే. వెనక నిచ్చెన, రంగు డబ్బాలు, ముందు సీట్లో మేము.

సాయంత్రం డ్యూటీ అయ్యాక రూమ్‌లో తక్కినవాళ్లు వంట మొదలుపెడితే నేను టీవీ ముందు కూర్చునేవాణ్ణి. ఆ వేళకు పిల్లల కార్టూన్లు వచ్చేవి. పెద్ద మరమనుషులు ఆకాశంలో కొట్టుకునేవి, తల్లి లేని పిల్ల మంచులో నడిచిపోయేది. ముఖంలో సగం కళ్లే. ముక్కు ఉందా లేదా అన్నట్టు, నోరు చిన్న గీత. మాటలన్నీ అరబీలో ఉండేవి కాబట్టి అరబ్బులే వీటిని గీస్తారని అనుకున్నాను. ఏ దేశం వాళ్లు గీసినా ఆ కళ్లు మాత్రం నన్ను పట్టుకున్నాయి. మా టాకీసు దగ్గర నేను ఎన్నో ముఖాలకు కళ్లు పెట్టాను. ఇలాంటివి ఎప్పుడూ పెట్టలేదు. వాటిలో వెలుగు కోసం వదిలిన తెల్ల చుక్కలు కూడా ఎక్కడెక్కడ పడాలో ఎవరో బాగా ఆలోచించి పెట్టినట్టుండేది.

అప్పట్లో ఎక్కడ చూసినా వీడియో షాపులు, వీడియో గేముల హాళ్లు తెరుస్తున్నారు. లోపలి గోడల మీద ఈ కార్టూన్ బొమ్మలే కావాలని అడిగేవాళ్లు. కంపెనీలో బొమ్మ వేయగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. అలా ఆ పని నా పాలిట పడింది. పని లేని శుక్రవారాలు కూడా నేను వాటినే వెతుక్కుంటూ తిరిగేవాణ్ణి. రువీ బజారులో బబుల్‌గమ్ లోపల వచ్చే స్టిక్కర్లు, వీడియో షాపుల్లో కాసెట్ల అట్టలు, ఘుబ్రా బడిపిల్లల బ్యాగుల మీది మరమనుషులు. ఎక్కడికి పనికి వెళ్లినా ఆ ఊళ్లో అలాంటి షాపు ఎక్కడుందో కనుక్కుని వెళ్లి చూసేవాణ్ణి. "అందురూ కోటలు జూస్తారు, నువ్వేందప్పా పిల్లోళ్ల బొమ్మలకు యాత్ర పోతావు" అని అన్న నవ్వేవాడు. అయినా వ్యాన్ ఆపేవాడు.

అవి జపాన్‌వని నాకు ఇబ్రా అనే ఊళ్లో తెలిసింది. అక్కడ ఒక వీడియో షాపు గోడకు మరమనిషి బొమ్మ వేస్తుంటే, కాసెట్ కోసం వచ్చిన ఒమనీ యువకుడు నిలబడి చాలాసేపు చూశాడు. ఏదో సర్కారు ఆఫీసులో పని చేస్తాడట. భుజం మీది రంగు తప్పు వేశావని చెప్పి, నేను సరిదిద్దుకున్నాక సంతోషపడి, మమ్మల్ని కాఫీకి ఇంటికి తీసుకెళ్లాడు. మిట్టమధ్యాహ్నం. ఊరంతా తలుపులు మూసుకుని పడుకుంది. ఎండకు రోడ్డు తెల్లగా ఉంది.

అతని గదిలోకి అడుగుపెట్టగానే ఏమీ కనబడలేదు. దళసరి పరదాలు, గట్టిగా మోగుతున్న ఏసీ. కళ్లు చీకటికి అలవాటుపడ్డాక గోడంతా అద్దాల బీరువాలున్నాయని తెలిసింది. వాటి నిండా మరమనుషుల బొమ్మలు. బెత్తెడు నుంచి మూరెడు దాకా ఉన్నాయి. అన్నీ తలుపు వైపే తిరిగి నిలబడి ఉన్నాయి. దుబాయి నుంచి కొన్ని, ఓడల్లో పనిచేసేవాళ్లతో తెప్పించినవి కొన్ని.

"ఇవి అరబీవి కావు. యాబాన్" అన్నాడు అతను, వచ్చీరాని హిందీలో. యాబాన్ అంటే జపాన్ అని అన్న చెప్పాడు. "మావాళ్లు మాటలు మాత్రమే మార్చారు" అన్నాడు ఆ యువకుడు.

టీవీలో కాసెట్ పెట్టాడు. ఒక అమ్మాయి ఎవరితోనో మాట్లాడుతోంది. "మాట వినకు. నోరు చూడు" అన్నాడు. చూశాను. అరబీ మాట ఆగిపోయింది. అమ్మాయి నోరు మాత్రం ఇంకా కదులుతూనే ఉంది. రోజూ చూసే కార్టూనే, నేనెప్పుడూ గమనించలేదు.

"ఇంకా మాట్లాడుతూనే ఉంది" అన్నాడు ఆ యువకుడు మెల్లగా. "వాళ్ల భాషలో ఏదో చెబుతోంది. మనకు వినబడదు."

అతను సరదాగానే అన్నాడు. నేను మాత్రం ఆ తర్వాత రూమ్‌లో టీవీ చూస్తున్నా మాటలు ఆగాక నోళ్లనే చూసేవాణ్ణి.

షినాస్ పని తర్వాతి వేసవిలో వచ్చింది. మస్కట్ నుంచి బాతినా తీరం పట్టుకుని పైకి వెళ్లాలి. ఒకవైపు ఖర్జూరపు తోటలు, ఇంకోవైపు సముద్రం. అక్కడ ఒక ఒమనీ ఆయన వీడియో గేముల హాలు పెట్టాడు. చేపల బజారుకు కొంచెం ఎడంగా, సముద్రం వైపు తలుపు ఉన్న పొడవాటి గది. రెండు వైపులా మెషీన్లు. ఆయనకు తలుపుకు ఎదురుగా ఉన్న లోపలి గోడ మీద ఒక అమ్మాయి బొమ్మ కావాలి. గోడెత్తున. కాసెట్ ఇచ్చాడు.

అది నేను టీవీలో చూసిన కార్టూనే. బడి బట్టల్లో ఉన్న పన్నెండేళ్ల పిల్ల. గాలికి జుట్టు ఎగురుతుంటే ఎటో చూస్తుంది. ఆ చోట ఆపమన్నాడు. ఆపితే బొమ్మ టీవీలో వణికేది, మధ్యన ఒక తెల్ల గీత పైకీ కిందికీ పాకేది. అలా వణుకుతున్న ముఖాన్ని చూస్తూ గళ్లు గీసుకుని గోడ మీదికి ఎత్తాను.

మధ్యాహ్నం హాలు మూసేవాళ్లు. ఓనరు ఇంటికి పోయేవాడు, అన్న వ్యాన్‌లో సీటు వాల్చుకుని నిద్రపోయేవాడు. తలుపు వేసుకుని నేనొక్కణ్ణే లోపల పని చేసేవాణ్ణి. మెషీన్లు ఆపరు. ఎవరూ ఆడకపోతే వాటంతట అవే ఆడుకుంటాయి. తెరల మీద ఇద్దరు మనుషులు కొట్టుకుంటారు, ఒకడు పడిపోతాడు, జపాన్ అక్షరాలు మెరుస్తాయి, పడిపోయినవాడు లేచి మళ్లీ మొదలుపెడతాడు. సౌండ్ తగ్గించి ఉండేది కాబట్టి ఎక్కడో పక్క గదిలో మనుషులు మాట్లాడుకుంటున్నట్టు వినబడేది. ఒకటి రెండుసార్లు ఎవరో వచ్చారనుకుని నిచ్చెన మీదినుంచి వెనక్కి తిరిగి చూశాను.

గోడకు ఒకచోట పగులు ఉంది. సరిగ్గా అమ్మాయి ఎడమ కనుబొమ మీదుగా పోతోంది. లప్పం పెట్టి, రుద్ది, మీద రంగు వేశాను. తెల్లారి చూస్తే లప్పం కుంగి, కనుబొమ రెండు ముక్కలయింది. మళ్లీ పెట్టాను. మళ్లీ అదే. సముద్రపు గాలికి ఉప్పు పట్టిన గోడ, ఏదీ నిలవదు. చివరికి కళ్లు కూడా పెట్టేసి, ఓనరు వస్తే ఆ కనుబొమ గురించే చెప్పాను, ఇంకోసారి ప్రయత్నిస్తానని.

ఆయన ముఖంలో రంగు మారింది. నిచ్చెన ఎక్కి ఆ పగులు మీద వేలు పెట్టాడు. తర్వాత "వద్దు. అట్లే ఉండనీ" అన్నాడు. మేము సామాను సర్దుకుని మస్కట్ వచ్చేశాము.

కొన్ని వారాలకు ఆయన మళ్లీ కంపెనీకి ఫోన్ చేశాడు. రిపేరు ఉంది, ఆ పెయింటరే రావాలన్నాడట. పగులు పెద్దదయిందేమో అనుకున్నాము. వెళ్లేసరికి ఓనరు బయట నీడలో మా కోసం నిలబడి ఉన్నాడు. హాల్లో ఆడుకునేవాళ్లు ఎవరూ లేరు. మెషీన్లు కూడా ఆపేసి ఉన్నాయి. ఆ తెరలు నల్లగా ఉండడం నేను మొదటిసారి చూశాను.

బొమ్మకు ఎదురుగా, నేలమీద చాప వేసుకుని ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. పూల ముసుగు, పాదాలు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. మేము వచ్చిన చప్పుడుకు కూడా తిరగలేదు.

ఓనరు మమ్మల్ని పక్కకు తీసుకెళ్లి అన్నతో చాలాసేపు మాట్లాడాడు. అన్న నా చెవిలో చెప్పాడు.

"ఆమె ఈయప్ప అక్కంట. కూతురు పోయినాదంట అప్పా, సముద్రంలో. మధ్యాన్నం అందురూ పండుకున్యప్పుడు లేచి బయటికి పోయినాదంట. బోట్లేసుకోని ఎన్నాళ్లో దేవులాడినారంట. ఏం దొరకల్యా. ఆ పాపకి ఈ కార్టూను బొమ్మంటే పానమంట. అందుకే ఈయప్ప ఈ బొమ్మ యేపిచ్చినాడు, గుర్తుకోసరం."

"గంతేనా?"

"కాదప్పా." అన్న ఒకసారి గోడవైపు చూశాడు. "ఆ పాపకి చిన్నప్పుడు పడి ఎడమ కనుబొమ కోసుకోని పోయినాదంట. ఆడ వెంటికిలు మొల్చలేదంట."

ఆ సంగతి మాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. కాసెట్‌లో ఉన్న అమ్మాయి కనుబొమకు ఏ గాటూ లేదు.

ఆమె తమ్ముడి హాలు చూడ్డానికి ఒకరోజు వచ్చిందట. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం వచ్చి కూర్చుంటోంది. అరవదు, ఏడవదు, ఎవరినీ ఆడుకోవద్దనదు. ఆడుకునే పిల్లలే మెల్లగా రావడం మానేశారు. ఓనరుకు గోడ తెల్లగా చేసేయాలని ఉంది. అక్కతో ఆ మాట అనే ధైర్యం లేదు. పెయింటరు వస్తే చూద్దామని పిలిపించాడు.

అప్పుడు ఆమె మాట్లాడింది. గోడవైపే చూస్తూ, తక్కువ గొంతుతో.

"ఏమంటున్నదే అన్నా?"

"నువ్వేనా గీసింది అని అడగతాంది."

"అవునని చెప్పు."

అన్న చెప్పాడు. ఆమె తల ఊపి ఇంకేదో అంది.

"ఆ కనుబొమ సంగతి నీకెవురు చెప్పినారు అంటాంది."

"నాకెవ్వలు జెప్తరన్నా? గది గోడ పగులు. రెండుసార్లు పూడిస్తి, నిలవలే. గదే జెప్పు."

అన్న మొత్తం చెప్పాడు, చేత్తో పగులు చూపించి మరీ. ఆమె ఆశ్చర్యపోతుందనుకున్నాను, లేదా నమ్మదనుకున్నాను. ఆ రెండూ జరగలేదు. అలా అయి ఉంటుందని ముందే తెలిసినట్టు విన్నది. ఆ తర్వాత మాట్లాడింది కొంచెం పొడుగ్గానే సాగింది.

"అది నన్ను జూడ్డంల్యా అంటాందప్పా. ఇన్ని దినాలు వచ్చి కూసున్యా, ఒక్కతూరి గూడా నన్ను జూల్యా అంటాంది. నా యెనకాల ఎవురో ఉండారు, వాళ్లనే జూస్తాంది అంటాంది."

మేము ముగ్గురం ఒకేసారి వెనక్కి తిరిగాము. తెరిచిన తలుపు, అవతల ఎండ, దూరంగా సముద్రపు గీత. ఎవరూ లేరు.

అందులో వింతేమీ లేదని నాకు తెలుసు. కాసెట్‌లో ఆ అమ్మాయి ఎటో చూస్తుంది, నేను అలాగే వేశాను. నల్లగుడ్లు మధ్యలో లేవు, ఒక పక్కకు, కొంచెం పైకి ఉన్నాయి. నేలమీద కూర్చున్న మనిషి తలమీదుగా ఆ చూపు తలుపులోకి పోతుంది. ఇదంతా తెలిసి కూడా, ఆమె అలా అన్నాక నాకు ఆ గదిలో తలుపుకు వీపు పెట్టి నిలబడాలనిపించలేదు.

"దాన్ని నా తట్టు జూసేటట్టు చెయ్యమని అడగతాంది" అన్నాడు అన్న. "అయితాదా?"

అవుతుందన్నాను. ఓనరు వైపు చూశాను. ఆయన నేలచూపులు చూస్తూ తల ఊపాడు.

నిచ్చెన వేసుకుని ఎక్కాను. పాత నల్లగుడ్ల మీద తెలుపు వేశాను. కాసేపు ఆ ముఖంలో వట్టి తెల్లటి కళ్లు మాత్రమే మిగిలాయి. అంత పెద్ద కళ్లు, లోపల ఏమీ లేకుండా. అంత దగ్గరగా వాటిని చూస్తూ తెలుపు ఆరేదాకా నిచ్చెన మీదే ఉండడం ఇప్పటికీ మరిచిపోలేను. తర్వాత బలపంతో కొత్త గుండ్రాలు గీసి ఆమె వైపు చూశాను. ఆమె చెయ్యెత్తి కిందికి అన్నట్టు ఊపింది. చెరిపి కిందికి గీశాను. ఇంకొంచెం ఇటు. అలా ఆమె చేత్తో చూపిస్తూ పోయింది, నేను జరుపుతూ పోయాను. అది నేను నేర్చుకున్న పద్ధతి కాదు. రెండు కళ్లూ కలిసి కిందికి, మెడ వంచకుండానే ఎవరినో దగ్గరగా చూస్తున్నట్టు వచ్చాయి. ఆమె చెయ్యి దించేసింది. నల్లరంగు నింపి, వెలుగు చుక్కలు పెట్టి దిగాను.

ఆమె మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని చాలాసేపు అలాగే చూసింది. ఒక చిన్న మాట అంది. మాతో కాదు. ఓనరు గోడకు తిరిగి నిలబడ్డాడు. ఆమె లేచి, చాప చుట్టి చంకలో పెట్టుకుని, మా పక్కనుంచి నడిచి ఎండలోకి వెళ్లిపోయింది.

వ్యాన్ సోహార్ ఊరు దాటాక నేనే అడిగాను.

"చివరికి ఏమన్నదే ఆమె?"

"అన్నం తిన్న్యావా అని అడిగినాదప్పా" అన్నాడు. "ఆ పాప ఆ పొద్దు తినకుండా అలిగి పండుకోనుండెనంట. ఆయప్ప చెప్పినాడు."



తర్వాత కూడా నేను గేముల హాళ్లకు బొమ్మలు వేశాను. కొత్త కొత్త బొమ్మలు వచ్చాయి, మరమనుషులు పోయి జుట్టు నిక్కబొడుచుకున్న కుర్రాళ్లు వచ్చారు. ఎవరైనా ఆడపిల్ల బొమ్మ అడిగితే మాత్రం పని ఒప్పుకునే ముందు, ఎందుకు కావాలని అన్నతో అడిగించేవాణ్ణి. షాపు కళకళలాడాలని అంటే వేసేవాణ్ణి. ఏం చెప్పాలో తెలియక నీళ్లు నమిలితే, నాకు మరమనుషులే వచ్చని చెప్పేవాణ్ణి.

షినాస్‌కు మళ్లీ వెళ్లడానికి చాలాకాలం పట్టింది. చేపల కంపెనీ ఒకదానికి బోర్డు రాసే పని. మధ్యాహ్నం తిండి అయ్యాక అన్నను వ్యాన్‌లో వదిలి నేనొక్కణ్ణే హాలు దాకా నడిచాను. మూసి ఉంటుందనుకున్నాను, తెరిచే ఉంది. ఏసీ నడుస్తున్నా తలుపు బార్లా తీసి, కదలకుండా రాయి ఒత్తు పెట్టి ఉంది. నలుగురైదుగురు కుర్రాళ్లు మెషీన్ల మీద వంగి ఆడుతున్నారు. ఓనరు నన్ను గుర్తుపట్టి చెయ్యి కలిపాడు.

నేను గోడ చూశాను. అమ్మాయి మళ్లీ తలుపువైపు చూస్తోంది.

దగ్గరికి వెళ్లాను. కారణం కనబడుతూనే ఉంది. పై తెలుపు పలచబడింది. ఉప్పుగాలికి పసుపు తేలి, కిందున్న పాత నల్లగుడ్లు బయటికి వచ్చాయి. నేను తర్వాత పెట్టినవేమో వెలిసి బూడిదరంగుకు తిరిగాయి. ఒక్కో కంట్లో రెండు చూపులు. దగ్గర నుంచి చూస్తే రెండూ కనబడతాయి, దూరం నుంచి పాతదే. రంగులు ఇలా చేస్తాయి. టాకీసు గోడల మీద పాత హీరో ముఖం కొత్త హీరో గడ్డంలోంచి తేలడం నేను చిన్నప్పటి నుంచీ చూశాను.

"అక్క ఎలా ఉంది?" అని నాకొచ్చిన హిందీలో అడిగాను.

"బాగుంది. మేకలు పెంచుకుంటోంది. ఆ రోజు తర్వాత మళ్లీ రాలేదు" అన్నాడు. తలుపు చూపించి, "ఒక్కటే మాట అడిగింది. మధ్యాహ్నం పూట తలుపు మూయొద్దంది. మూయడం లేదు" అన్నాడు.

కళ్లు మళ్లీ సరిచేయమంటారా అని అడిగాను, రంగులు వ్యాన్‌లోనే ఉన్నాయని కూడా చెప్పాను. ఆయన వద్దన్నాడు.

"పిల్లలకు అలవాటైపోయింది" అన్నాడు.

ఏం అలవాటైందో అప్పుడు గమనించాను. గోడకు రెండడుగుల ఇవతల నుంచి తలుపు దాకా, హాలు మధ్యలో, ఒక మనిషి నడిచేంత వెడల్పున నేల ఖాళీగా ఉంది. స్టూళ్లు, చెప్పులు, బ్యాగులు అన్నీ అటూ ఇటూ ఉన్నాయి తప్ప అందులో ఒక్కటీ లేదు. ఒక కుర్రాడు ఇవతలి మెషీన్ వదిలి అవతలి మెషీన్ దగ్గరికి వెళ్లాలనుకున్నాడు. నాలుగు అడుగులు వేస్తే చాలు. వాడు ఆ ఖాళీని తొక్కకుండా, స్నేహితుడితో కబుర్లు చెబుతూనే, బొమ్మ కిందుగా గోడకు ఆనుకుని చుట్టి వెళ్లాడు. ఎవరూ వాడికి చెప్పలేదు. వాడికీ తను చుట్టి వెళ్లానన్న ధ్యాస ఉన్నట్టు లేదు.

ఓనరు కాఫీ తాగి వెళ్లమన్నాడు. అన్న ఎదురుచూస్తుంటాడని చెప్పి సెలవు తీసుకున్నాను. తలుపు నాకు సూటిగా ఎదురుగా ఉంది. నేను మెషీన్ల పక్కనుంచి, కుర్రాళ్ల వీపులు తగలకుండా ఒదిగి, ఒక వారగా నడిచి బయటపడ్డాను.